మూడొందల మంది లేని పారిష్‌కి చరిత్రేంటి అంటే... లాక్స్‌టన్ గట్ల కథ

అమ్మా, మీ ప్రశ్న రెండుసార్లు చదివా. నాటింగ్‌హామ్‌షైర్‌లో ఏదో పల్లెకి ఇల్లు మారారు, ఊళ్లో ఒక చర్చి, ఒక పబ్బు, మూడొందల మంది కూడా లేరు, బాబుకి స్కూల్లో "మన పారిష్ చరిత్ర" అని ప్రాజెక్ట్ ఇచ్చారు, గూగుల్ చేస్తే నాలుగు లైన్లే వచ్చాయి. పారిష్ అంటే చర్చా ఊరా, ఇంత చిన్న ఊరికి చరిత్ర ఏముంటుంది, ఎక్కడ వెతకాలి అని అడిగారు. పైన ఎవరో "రాజులు రాని ఊరికి చరిత్ర ఉండదండీ, రాబిన్ హుడ్ మీద రాసేయమనండి" అని పెట్టారు. ఆ మాట వదిలేయండి, అసలు సంగతి దానికి సరిగ్గా తలకిందులుగా ఉంటుంది.

ముందు నా సంగతి చెప్తా, లేకపోతే ఈయనకేం తెలుసు అనుకుంటారు. గుంటూరు జిల్లాలో సర్వే డిపార్ట్‌మెంట్‌లో పనిచేసి రిటైరయ్యా. సర్వీసంతా గట్టు తగాదాలే. అమ్మాయి నాటింగ్‌హామ్‌లో ఉంటుంది, ఏటా వచ్చి కొన్ని నెలలుంటా. ఇక్కడ పార్కులో బెంచీ మీద కూర్చోవడం నా వల్ల కాలేదు, అందుకని పాత మ్యాపులు చూడ్డం మొదలెట్టా, అలా ఈ పారిష్‌ల పిచ్చి పట్టింది. హిస్టరీ డిగ్రీ లేదు, కానీ పాత భూమి రికార్డు చూస్తే ఎవడు ఎవడి గట్టు కోశాడో వాసన పట్టగలను.

పారిష్ అంటే మొదట్లో, సూటిగా చెప్పాలంటే, ఒక చర్చికి పంటలో పదోవంతు కట్టాల్సిన భూమి మొత్తం. ఇంటి దగ్గర చర్చి ఏదని కాదు, నీ చేను పంటలో పదోవంతు ఏ చర్చి కొట్టుకి పోతుందో అదే నీ పారిష్. అందుకే హద్దుల మీద అంత పట్టుదల. ఏటా వసంతంలో ఫాదరు ముందు నడుస్తుంటే ఊరంతా పొలిమేర చుట్టూ తిరిగేవాళ్లు, హద్దు రాయి వచ్చిన చోట చిన్నపిల్లల్ని ఎత్తి ఆ రాయికి తగిలించేవాళ్లు, కొన్నిచోట్ల బెత్తంతో ఒకటి తగిలించేవాళ్లు కూడా. ఎందుకంటే ముసలాళ్లు పోయాక సాక్ష్యం చెప్పేది వాళ్లే కదా, దెబ్బ తగిలిన చోటు మర్చిపోరు! నేను ట్రైజంక్షన్ రాళ్లు, అంటే మూడు ఊళ్ల పొలిమేరలు కలిసే చోటి రాళ్లు, వెతుకుతూ ముళ్లకంపల్లో తిరిగిన రోజుల్లో ఈ ఐడియా తెలిసుంటే బాగుండేది.

తర్వాత ప్రభుత్వం ఒక్కో బరువూ తెచ్చి ఇదే పారిష్ నెత్తిన పెట్టింది. 1538లో ఎనిమిదో హెన్రీ రాజు మంత్రి థామస్ క్రామ్‌వెల్ ప్రతి పారిష్‌లో బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, సమాధులు రిజిస్టర్‌లో రాయమన్నాడు. 1555 చట్టంతో రోడ్ల మరమ్మతు పారిష్‌దే అయింది, ఊరివాళ్లు ఏడాదికి నాలుగు రోజులు, తర్వాత ఆరు రోజులు కూలి లేకుండా చెయ్యాలి, అంటే మన వెట్టి. 1601 నుంచి బీదవాళ్లకి తిండి పెట్టే బాధ్యత కూడా పారిష్‌దే, దానికోసం ఊళ్లో పన్ను. 1662లో ఇంకో చట్టం వచ్చింది, ఎవరైనా బీదవాడు వేరే ఊరినుంచి వచ్చి స్థిరపడబోతే వాడి సొంత పారిష్‌కి తిప్పి పంపెయ్యొచ్చు అని. ఇక చూడండి, నిండు చూలాలిని పొలిమేర దాటించడానికి రెండు పారిష్‌లు కొట్టుకునేవి, బిడ్డ మా ఊళ్లో పుడితే మా ఖర్చవుతుందని. పాపం అనిపిస్తుంది గానీ ఆ కొట్లాటల వల్లే ఒక కూలివాడు ఎక్కడ పుట్టాడు, ఎవరి దగ్గర ఎన్నేళ్లు పనిచేశాడు అన్నది ప్రమాణం చేయించి మరీ కాగితం మీద రాసిపెట్టారు. రాజుగారి గురించి ఎవరైనా రాస్తారు, జీతగాడి గురించి ఇంత వివరంగా ఇంకెక్కడ దొరుకుతుంది?

1894లో పారిష్ కౌన్సిళ్లు పెట్టి ఈ ఊరి పనులన్నీ చర్చినుంచి విడదీశారు. అందుకే ఇప్పుడు రెండు పారిష్‌లు, చర్చిది ఒకటి, పంచాయితీ లాంటిది ఒకటి, రెండిటి హద్దులూ ఒకటే కావాలని రూలేం లేదు. మీ బాబు ఏది రాస్తున్నాడో టీచర్‌ని ముందే అడగండి.

ఇక మీ జిల్లాలోనే ఉన్న ఒక పారిష్ కథ చెప్తా, చూడటానికి అది కూడా మీ ఊరిలాంటి పల్లే. ఓలర్టన్‌కి, టక్స్‌ఫర్డ్‌కి మధ్యలో లాక్స్‌టన్ అని ఉంది. అక్కడ ఈరోజుకీ మధ్యయుగాల పద్ధతిలో, అంటే కంచెలు లేని ఉమ్మడి చేలల్లో వ్యవసాయం నడుస్తోంది, ఇంగ్లాండ్‌లో ఆ పద్ధతి పూర్తిగా, దాన్ని నడిపే కోర్టుతో సహా మిగిలిన ఊరు ఇదొక్కటే అని చెప్పుకోవాలి.

పద్ధతి ఏంటంటే, ఊరి చుట్టూ పెద్ద పెద్ద చేలు, ఇప్పుడు మూడున్నాయి, వెస్ట్ ఫీల్డ్, సౌత్ ఫీల్డ్, మిల్ ఫీల్డ్. ఒక్కోటి వందకి పైగా ఎకరాలు, మధ్యలో ఒక్క కంచె కూడా ఉండదు. ఒక్కో రైతుకి మూడు చేలల్లోనూ ముక్కలు ముక్కలుగా సన్నటి పొడుగు పట్టీలు. ఒక ఏడు ఒక చేలో గోధుమ, రెండో చేలో బార్లీ గానీ చిక్కుడు గానీ వసంతంలో వేసే పంట, మూడోది బీడు, మరుసటి ఏడు ఒక్కో అడుగు తిరుగుతుంది. అన్ని పట్టీలూ ఒకే చేలో ఉంటే ఆ చేను బీడు పడ్డ ఏడు వాడి పిల్లలు ఏం తింటారు, అందుకని మూడింట్లో పంచారు. మంచి నేల, చవుడు నేల కూడా అందరికీ తలా కొంచెం వస్తుంది. మన దగ్గర అన్నదమ్ములు పంచుకునేటప్పుడు మెరక చేలో ఒక ముక్క, పల్లం చేలో ఒక ముక్క తీసుకోరూ, అదే లెక్క.

పట్టీలు అంత పొడుగ్గా ఎందుకున్నాయంటే ఎద్దుల వల్ల. ఇక్కడి బరువైన నాగలికి చాలా ఎద్దులు కట్టేవాళ్లు, తిప్పడం నరకం, అందుకే తిప్పకుండా వీలైనంత దూరం లాక్కెళ్లాలి. అలా ఒక చాలు పొడుగే ఫర్లాంగ్, ఆ పేరుకి అర్థమే చాలు పొడుగు, 220 గజాలు. ఆ పొడుగుకి 22 గజాల వెడల్పు కలిపితే ఎంత? 4840 చదరపు గజాలు. అదే ఎకరం, ఒక అరక ఒక రోజులో దున్నేది అని పాత లెక్క. ఈ 22 గజాలనే 1620లో ఎడ్మండ్ గంటర్ అనే ఆయన వంద లింకుల గొలుసు చేశాడు. ఆ గొలుసే మన ఊళ్లకీ వచ్చింది, పది చదరపు గొలుసులు ఎకరం, అందులో నూరోవంతు సెంటు, వెయ్యి చదరపు లింకులు. నేను సర్వీసులో చేరిన కొత్తలో పాత ఎఫ్ఎంబీల్లో (చేల కొలతల పుస్తకాల్లో) లింకులు చూసి ఇది ఎవడు పెట్టిన లెక్క అని విసుక్కునేవాణ్ణి. లాక్స్‌టన్ చేను గట్టున నిలబడి ఆ పట్టీ చివరిదాకా చూస్తే అప్పుడు తెలిసింది, ఎవడూ పెట్టలేదు, ఎద్దుల ఆయాసం పెట్టింది.

ఊరి పుట్టుక సంగతి క్లుప్తంగా కానిస్తా. 1086 డూమ్స్‌డే పుస్తకంలో, అంటే నార్మన్ రాజు విలియం దేశంలో ఏ భూమి ఎవరిదో రాయించిన లెక్కల్లో, ఈ ఊరుంది, అంతకుముందు టోకి అనే ఆయనది, నార్మన్లు వచ్చాక జాఫ్రీ అల్సెలిన్ చేతికి పోయింది. ఊరికి ఉత్తరాన పెద్ద మట్టి దిబ్బ ఉంటుంది, అది కోట, రాబిన్ హుడ్ కథల్లోని షెర్‌వుడ్ అడవికి కాపలా అధికారులు ఇక్కడినుంచే అడవిని చూసేవాళ్లు (మీ రాబిన్ హుడ్ కామెంట్ ఆయనకి ఇది చూపించండి). కోట మీద ఇప్పుడు గడ్డే. సెయింట్ మైకేల్ చర్చిలో ఎవరింగ్‌హామ్ వంశం వాళ్ల సమాధులున్నాయి, అందులో ఒక ఆవిడ బొమ్మ రాతితో కాదు చెక్కతో చేసింది, ఇన్ని వందల ఏళ్లు చెద పట్టకుండా ఎలా ఉందో.

నాకు అసలు మతి పోయింది మాత్రం 1635 దగ్గర. ఆ ఏడు మార్క్ పియర్స్ అనే సర్వేయరు ఈ ఊరు మొత్తం కొలిచి మ్యాపు గీశాడు, ఇప్పుడది ఆక్స్‌ఫర్డ్‌లో బాడ్లియన్ లైబ్రరీలో ఉంది. ప్రతి పట్టీ గీశాడు, వేలల్లో పట్టీలు, దానికి తోడు ఒక పుస్తకం, ఫలానా పట్టీ ఫలానా వాడిది, ఇన్ని ఎకరాలు, ఇన్ని రూడ్లు, ఇన్ని పెర్చ్‌లు (ఎకరంలో భాగాలు) అని. అంటే మన అడంగలూ ఎఫ్ఎంబీ రెండూ కలిపి అన్నమాట. అంతటితో ఆగకుండా ఖాళీ ఉన్న చోటల్లా బొమ్మలేశాడు, దున్నేవాళ్లు, కోతకోసేవాళ్లు, వేటగాళ్లు, పశువులు. నేను దాని ప్రింటు చూస్తూ ఒక పూటంతా కూర్చున్నా. కొలిచి కొలిచి అలిసిపోయిన మనిషి సాయంత్రం పూట సరదాగా వేసుకున్న బొమ్మలే అవి అనిపించింది నాకు, మేమూ ఎఫ్ఎంబీ మార్జిన్లో చెట్టు వేసినప్పుడు కాస్త ఆకులు ఎక్కువ గీసేవాళ్లం.

ఈ సర్వే చేయించింది ఎవరు? సర్ విలియం కోర్టెన్, లండన్ వ్యాపారి, ఊరిని కొనుక్కున్నాడు. ఈయనే అంతకుముందు బార్బడోస్ దీవిలో వలస పెట్టడానికి డబ్బు పెట్టినవాడు. సరిగ్గా అదే 1635లో ఈయన ఈస్టిండియా కంపెనీకి పోటీగా మన దేశంతో వ్యాపారం చేసుకోవడానికి మొదటి చార్లెస్ రాజు దగ్గర లైసెన్సు సంపాదించాడు. కంపెనీ వాళ్లు అప్పటికే 1611 నుంచి మచిలీపట్నంలో దిగి ఉన్నారు కదా, ఈయన ఓడలు పడమటి తీరానికి, భట్కల్ వైపు వచ్చాయి. ఆయన 1636లోనే పోయాడు, వ్యాపారం మునిగింది, ఊరు తర్వాత పియర్‌పాంట్ వంశం చేతికొచ్చింది, వాళ్లే తర్వాత ఎర్ల్ మాన్వర్స్‌లు (ఎర్ల్ అంటే పెద్ద దొరల బిరుదు). ఒకే మనిషి ఒక చేత్తో నాటింగ్‌హామ్‌షైర్‌లో పట్టీలు కొలిపిస్తూ ఇంకో చేత్తో మన మిరియాలకి ఓడలు కట్టిస్తున్నాడు. చిన్న ఊరికి చరిత్ర ఏముంటుంది అన్నారే, ఇదీ.

ఇంగ్లాండంతా ఒకప్పుడు ఇలాంటి ఉమ్మడి చేలే ఎక్కువ, మరి మిగతావి ఏమైపోయాయి అంటారా, కంచెలు వేసేశారు. 1604 నుంచి 1914 దాకా ఒక్కో ఊరికి ఒక్కో చట్టం చొప్పున పార్లమెంటు 5200కి పైగా చట్టాలు చేసింది, 68 లక్షల ఎకరాలు. పట్టీలన్నీ కలిపి ఒకేచోట ఒకే ముక్కగా కట్టి ఇచ్చేవాళ్లు, ఉమ్మడి మేత భూమి పోయేది. పెద్ద రైతుకి మంచిదే, దిగుబడి పెరిగింది, నేను కాదనను. కానీ ఒక ఆవుని, నాలుగు బాతుల్ని ఊరుమ్మడి బీట్లో మేపుకుని బతికేవాడికి కాగితం మీద హక్కు లేకపోతే చేతికేం రాలేదు, వచ్చినా ఆ ముక్కకి కంచె ఖర్చు భరించలేక అమ్ముకుని కూలికి పోయాడు.

మరి లాక్స్‌టన్ ఎందుకు మిగిలింది? ఎవరో గొప్ప మనసుతో కాపాడారు అని కొన్ని టూరిస్టు పేజీల్లో రాస్తారు, నేనైతే నమ్మను. ఊళ్లో భూమి ప్రధానంగా ఇద్దరు ఎర్ల్‌ల మధ్య ఉండేది, మాన్వర్స్ ఒకరు, స్కార్‌బ్రో ఒకరు, ఇద్దరికీ పొత్తు కుదరలేదు, పైగా కంచెలకీ చట్టానికీ ఖర్చు. అలా వాయిదా పడీ పడీ, చివరికి కంచె వెయ్యడమే పాతబడిపోయే కాలం వచ్చింది. గొప్ప మనసు సంగతి తర్వాతే, 1952లో ఎర్ల్ మాన్వర్స్ ఈ పద్ధతి నిలవాలని ఊరిని వ్యవసాయ మంత్రిత్వ శాఖకి అమ్మాడు. 1981లో అది క్రౌన్ ఎస్టేట్‌కి, అంటే రాచరికం పేరిట ఉన్న ఆస్తులు చూసే సంస్థకి, మారింది, వాళ్లు కూడా 2018లో అమ్మకానికి పెడితే అందరూ కంగారుపడ్డారు, 2020లో థోర్స్‌బీ ఎస్టేట్ కొనింది, అంటే తిరిగి తిరిగి పాత మాన్వర్స్ వంశం వైపుకే వచ్చింది.

ఒక ఏడాది నవంబర్ దాకా ఇక్కడే ఉండిపోయా, మోకాళ్లు చలికి బిగిసిపోతున్నా పంతంగా జ్యూరీ డే చూడ్డానికి వెళ్లా. నవంబర్ చివర్లో ఒక గురువారం, కొత్తగా గోధుమ నాటిన చేలోకి రైతుల్లోంచి ఎంచిన జ్యూరీ వెళ్తుంది, ట్రాక్టర్ వెనక ట్రెయిలర్‌లో ఎక్కి. ఒక్కో పట్టీ హద్దు చూస్తారు, కొత్త మేకులు దిగ్గొడతారు, దారి మీదకి గానీ గడ్డి పోరంబోకు మీదకి గానీ ఎవడైనా అర అడుగు నాగలి జరిపాడా అని అడుగులేసి చూస్తారు. ఒకాయన వంగి పాత మేకు కోసం గడ్డి తప్పిస్తున్నాడు, పక్కాయన చేతిలో సుత్తి, ఇంకో ఇద్దరు అటూ ఇటూ నిలబడి కళ్లు చికిలించి లైను చూస్తున్నారు, ఏమీ మాట్లాడుకోవట్లేదు. మా చైన్‌మెన్ సర్వే రాయి వెతికేటప్పుడు అచ్చం ఇలాగే ఉండేవాళ్లు, నాకు కళ్లల్లో నీళ్లు తిరిగినంత పనైంది, చలి వల్ల అని సర్దిచెప్పుకున్నా లెండి.

వారం తర్వాత ఊరి పబ్బు డవ్‌కోట్ ఇన్‌లో కోర్టు కూర్చుంటుంది, కోర్ట్ లీట్ అంటారు. దొర తరఫున ఒక లాయరు స్టీవార్డుగా ఉంటాడు, గట్టు మీరినవాళ్లకి కొద్ది పౌండ్ల జరిమానా, వచ్చే ఏటికి జ్యూరీ నియామకం. డబ్బు చిన్నదే, కానీ పదిమందిలో పేరు చదువుతారు, అది చాలు. 1977లో చట్టం చేసి దేశంలో ఇలాంటి పాత కోర్టుల అధికారాలు తీసేశారు, లాక్స్‌టన్‌ది మాత్రం చేల వ్యవహారం చూసుకునేలా ఉంచారు. ఒక్కటి గుర్తుపెట్టుకోండి, ఈ కోర్టు పారిష్‌ది కాదు, మేనర్‌ది, అంటే దొర జమీందారీది. కొన్నిచోట్ల పారిష్, మేనర్ ఒకటే, కొన్నిచోట్ల ఒక పారిష్‌లో మూడు మేనర్లు. బాబు ప్రాజెక్టులో ఈ రెండూ కలిపేస్తే మార్కులు పోతాయి.

ఇంకో రెండు చూసి మురిసిపోయా. ఒకటి పిన్‌ఫోల్డ్, దారితప్పి చేలల్లో పడ్డ పశువుల్ని తోలి మూసే చోటు, దానికి పిండర్ అని మనిషి, డబ్బు కట్టి విడిపించుకోవాలి. బందెలదొడ్డి! పేరు తప్ప ఏ తేడా లేదు. రెండోది పైన చెప్పిన గడ్డి పోరంబోకులు, సైక్‌లు అంటారు, తడిగా ఉండి నాగలి ఎక్కని పల్లాలు, ఆ గడ్డిని ఏటా వేలం వేస్తారు, మన ఊళ్లో చెరువు చేపల వేలం లాగే. ఎన్నడూ దున్నలేదు కాబట్టి అడవిపూలు మిగిలాయి, ఇప్పుడు వాటికి ప్రత్యేక రక్షణ కూడా ఉంది.

సరే, మీ ఊరికి వద్దాం. ముందు నడవండి. పశువులు మేసే పాత పచ్చిక బీడు ఉంటే సాయంత్రం ఎండ ఏటవాలుగా పడేటప్పుడు చూడండి, అలలు అలలుగా మిట్టా పల్లం కనపడితే అవి పాత పట్టీలు, కంచె వేశాక దున్నకుండా వదిలేసినవి. ఫొటో తీయించండి, ప్రాజెక్టు సగం అయిపోయినట్టే. రైతుల ఇళ్లు ఎక్కడున్నాయో కూడా చూడండి, లాక్స్‌టన్‌లో అన్నీ ఊరి వీధిలోనే ఉంటాయి, మన ఊళ్లలాగా, ఎందుకంటే చేలు అన్ని దిక్కులా ఉంటాయి కదా. కంచెలు వేసిన ఊళ్లలో చాలామంది తమ ముక్క మధ్యకి ఇల్లు మార్చుకున్నారు. మీ ఊళ్లో విడిగా చేలమధ్య పాత ఇటుక ఇళ్లుంటే ఆ ఇల్లు ఎప్పుడు కట్టారో కనుక్కోండి, కంచెలు ఎప్పుడొచ్చాయో తెలిసిపోవచ్చు.

తర్వాత స్కాట్లాండ్ నేషనల్ లైబ్రరీ వెబ్‌సైట్‌లో పాత ఆర్డ్‌నెన్స్ సర్వే మ్యాపులు, ఇంగ్లాండ్‌వి కూడా, ఫ్రీగా ఉంటాయి. ఆ తర్వాత నాటింగ్‌హామ్‌షైర్ ఆర్కైవ్స్, అక్కడ 1836 చట్టం తర్వాత వచ్చిన టైత్ (పైన చెప్పిన పదోవంతు) మ్యాపు మీ పారిష్‌కి ఉందా అని అడగండి, ఉంటే పండగే, ప్రతి చేనుకీ నంబరు, పేరు, యజమాని, దున్నేవాడు అన్నీ ఉంటాయి. కొన్ని పారిష్‌లకి ఉండదు, కంచెలు వేసినప్పుడే పదోవంతు తెగ్గొట్టేసుకుని ఉంటారు, అలాంటప్పుడు కంచెల మ్యాపు (ఎన్‌క్లోజర్ మ్యాప్) అడగండి. పెన్ను తీసుకెళ్లకండి, లోపల పెన్సిలే. నేను మొదటిసారి జేబులో మూడు పెన్నులతో వెళ్లి గుమ్మం దగ్గరే దొంగలా నిలబడ్డా.

రిజిస్టర్లు చూసేటప్పుడు ఒక గొయ్యి ఉంది, నేను పడ్డా కాబట్టి చెప్తున్నా. 1752కి ముందు ఇక్కడ కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది, మన ఉగాది రోజుల్లోనే. కాబట్టి రిజిస్టర్‌లో 1700 ఫిబ్రవరి అని ఉంటే అది మన లెక్కలో 1701. నేను ఒక పిల్లవాడు పుట్టకముందే చచ్చిపోయాడని కనిపెట్టి హిస్టరీ గ్రూపులో గొప్పగా చెప్పా, ఒక పెద్దావిడ నవ్వి టీ ఇచ్చి కూర్చోబెట్టింది. అలాగే 1678 తర్వాత సమాధుల పక్కన "ఉన్ని" అని రాసుంటే కంగారుపడకండి, ఉన్ని వ్యాపారం పెంచడానికి శవానికి ఉన్నిబట్టే చుట్టాలని చట్టం, తప్పితే ఐదు పౌండ్ల జరిమానా, అందుకని ప్రమాణం చేసి రాయించేవాళ్లు.

బాబుని ఒక్కసారి లాక్స్‌టన్ తీసుకెళ్లండి, పబ్బు దగ్గరే చిన్న విజిటర్ సెంటర్ ఉంది. గమ్‌బూట్లు తప్పనిసరి, అక్కడి ఎర్రబంకమట్టి మన రేగడికి అన్న, ఒక్కసారి పట్టుకుంటే బూటుతో సహా లాగేసుకుంటుంది. మీ ఊరి పేరు చెప్తే ఆ చుట్టుపక్కల మేనర్ ఎవరిదో, కాగితాలు ఎక్కడున్నాయో వెతికి పెడతా, నాకూ ఈ చలికాలం వేరే పనేం లేదు.